గ్రావెల్ వాళ్లు, గొట్టాల వాళ్లు

ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు పొద్దున్నే, దారి మీద పోసిన ఎర్ర గ్రావెల్‌ని తిరిగి ఎత్తుకుపోవడానికి ఒక జేసీబీ, దాని వెనక టిప్పర్లు వచ్చాయి. నేను వెళ్లేసరికి చాలా మటుకు ఎత్తేశారు. పేటలో వాళ్లు చర్చి గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. ఎవరూ అడ్డం వెళ్లలేదు. జేసీబీ పళ్లు నేలని గీకుతున్న చప్పుడు ఒళ్లు జలదరించేలా ఉంది.

పని దగ్గరుండి చేయిస్తున్నది గెలిచిన పార్టీ మనిషి. చొక్కాకి నిన్నటి విజయోత్సవం రంగు ఇంకా ఉంది. మర్యాద తెలిసినవాడు.

"టీచరుగారూ, మీరు పెద్దవారు, మిమ్మల్ని ఒక మాట అనలేనండి. మా గ్రావెల్ మీద నడుచుకుంటూ వెళ్లి వాళ్లకి గుద్దుతారా అండి?"

"సగమే కదా బాబూ," అన్నారు టీచరుగారు.

"ఆ సగమేనండి మా బాధ."

వెనక నుంచి ఒకావిడ అందుకుంది. "అయితే సగం గ్రావెల్ ఉంచెళ్లండి. సగం ఓట్లు మీకే వేశాం కదండీ!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే డ్రైవర్‌కి చెయ్యి ఊపాడు. తర్వాతి టిప్పర్ వెనక్కి వచ్చి ఆగింది.

నాకు ఫోను చేసి రమ్మన్నది ఆ టీచరుగారే. రాజమహేంద్రవరంలో మేమిద్దరం ఒకే కాలేజీలో చదివాం. నేను పత్రికలోకి వెళ్లాను, ఆవిడ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మంచం పట్టిన తల్లితో ఆ పేటలోనే ఉంటున్నారు.

చర్చి దగ్గర నుంచి సమాధుల తోటకి వెళ్లే దారి వరి చేల మధ్య గట్టు. మధ్యలో ఒక పంట బోదె, చేలకి నీళ్లు పారే పిల్ల కాలవ, దాటాలి. వేసవిలో బోదె ఎండిపోతుంది, ఇబ్బంది లేదు. వానాకాలంలో ఎవరైనా పోతే పెట్టెని తలల మీద పెట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో దిగాల్సిందే. టీచరుగారి నాన్నగారు అలాంటి రోజుల్లోనే పోయారు. బోదె మధ్యలో ఒకతని కాలు జారి పెట్టె ఒరిగింది. నీళ్లు లోపలికి వెళ్లాయి. ఆ మాట ఆవిడ నాకు ఒక్కసారే చెప్పారు. అమ్మని మాత్రం పొడి దారిన పంపాలి, ఇంకేమీ అక్కర్లేదండీ అన్నారు. దాని కోసం ఆవిడ తిరగని ఆఫీసు లేదు.

ఈ వేసవిలో ఉప ఎన్నిక వచ్చింది. ఎవరో చనిపోతే వచ్చింది కాదు. ఉన్న ఎమ్మెల్యేగారు పార్టీ మారడానికి రాజీనామా చేసి, మళ్లీ అదే కుర్చీకి కొత్త కండువాతో నిలబడ్డారు. జనం అడక్కుండానే వచ్చిన ఎన్నిక గనక, అడిగినవన్నీ ఇస్తామని వచ్చారు. ఎమ్మెల్యేగారి మనుషులు కోరుకొండ వైపు నుంచి గ్రావెల్ తెచ్చి దారంతా పోశారు. అది తెలిసి రెండోవాళ్లు బోదెలో వేయడానికి సిమెంటు గొట్టాలు తెచ్చి గట్టు మీద దొర్లించారు. ఎన్నికల కోడ్ అమల్లో ఉంది కదా అని అధికారులు వచ్చి చూశారు. ఎవరో రైతు తన ట్రాక్టరు తిరగడానికి సొంతంగా చేయించుకుంటున్నాడని రెండు పార్టీల వాళ్లూ చెప్పించారు. సరేనని అధికారులు వెళ్లిపోయారు. గొట్టాలు బోదెలో దింపడం మాత్రం ఫలితాల తర్వాతేనని తెచ్చినవాళ్లు చెప్పారు. అప్పటి నుంచి పేటలో పార్టీల పేర్లు పోయాయి. గ్రావెల్ వాళ్లు, గొట్టాల వాళ్లు, అంతే.

పోలింగుకి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూర్చున్నారు. ఇద్దరి దగ్గరా తీసుకున్నాం, ఒకరికే వేస్తే రెండోవాళ్లకి అన్యాయం చేసినట్టే అన్నారు. దారికి గ్రావెల్ ఎంత అవసరమో గొట్టాలూ అంతే. కనక వీధిలో కుడిచేతి ఇళ్లు గ్రావెల్‌కి, ఎడమచేతి ఇళ్లు గొట్టాలకి వేయాలని తీర్మానించి ప్రార్థన చేసి లేచారు. ఇంత నిజాయితీగా ఆలోచించిన ఓటర్లని నేను మరెక్కడా చూడలేదు.

టీచరుగారి ఇల్లు ఎడమచేతి వైపు. ముసలావిడ చేత ఇంట్లోనే ఓటు వేయించడానికి, చాటుకి అడ్డం పెట్టే అట్టముక్కతో సహా అధికారులు మంచం దగ్గరికే వచ్చారు.

"గొట్టాలు ఈ కాగితంలో ఎక్కడున్నాయి బాబూ?"

"పైకి చెప్పకూడదు మామ్మగారూ, రహస్యం."

"నా దారికి రహస్యం ఏంటి నాయనా, ఊరందరికీ తెలిసిందేగా!"

రహస్యం ఎలాగూ లేదు. మిషన్ స్కూల్లో పెట్టిన బూత్‌లో ఓట్లన్నీ ఆ పేటవే. లెక్కింపు రోజున బూత్‌ల వారీగా అంకెలు చదువుతుంటే ఏజెంట్లు రాసుకుంటారు. ఏ పేట ఎటు వేసిందీ మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. ఆ బూత్‌లో ఇద్దరికీ సరిసమానంగా వచ్చాయి. పెద్దలు పొంగిపోయారు. ఇచ్చిన మాట తు.చ. తప్పకుండా నెరవేరింది కదా! గ్రావెల్ వాళ్లు మొత్తం మీద భారీగా గెలిచారు. ఆ ఒక్క బూత్‌లో సగమే రావడం వాళ్లకి నామోషీ అయింది.

గ్రావెల్ ఎత్తిన రోజే మధ్యాహ్నం గొట్టాల వాళ్లు కూడా క్రేన్ తీసుకుని వచ్చారు. మీరైనా ఉంచండి బాబూ అని పెద్దలు బతిమాలారు.

"గెలిచినవాళ్లే పట్టుకుపోతుంటే, ఓడిపోయినవాళ్లం మేం ఉంచాలా అండి? జనం ఏమనుకుంటారు?"

ఎన్నికల్లో చాలా చూశాను. తాగించడం, చీరలు పంచడం, దేవుడి పటం మీద ఒట్టు వేయించడం. వాటన్నిటికీ అలవాటు పడిపోయాను. శవాలు వెళ్లే దారిని తవ్వుకుపోయి, అదే రోజు సాయంత్రం ఊరేగుతూ దండలు వేయించుకున్నవాళ్లని మాత్రం చూడలేదు. ఆ ఊరేగింపు వార్త కూడా నేనే రాసి పంపాలి. మర్నాడు మా పత్రికలో ఊరేగింపు ఫొటో మొదటి పేజీలో వచ్చింది. దారి సంగతి లోపలి పేజీలో, కింద, స్థానికుల ఆవేదన అన్న మాటతో సరిపెట్టారు.

గ్రావెల్‌తో పాటు కిందున్న పాత గట్టు మట్టి కూడా జేసీబీ ఎత్తుకుపోయింది. ఇదివరకు చేల కంటే ఎత్తున ఉండే దారి ఇప్పుడు వాటి కంటే పల్లంలో ఉంది. ఎవరు పూడ్చాలని అడిగితే, అసలు అక్కడ దారి ఉన్నట్టు రికార్డులో లేదని పంచాయతీ వాళ్లు, కోడ్ ఉండగా జరిగిన పనితో మాకు సంబంధం లేదని మండలం వాళ్లు అన్నారు. సర్వే చేయమని టీచరుగారు అర్జీ పెట్టారు.

మొన్న ఫోను చేస్తే ముసలావిడే మాట్లాడింది. "దారి పడ్డాకే పోతానని చెప్పాను మా అమ్మాయికి. అదేమో దారి పడకూడదని ప్రార్థన చేసుకోమంటోంది."

వెనక నుంచి టీచరుగారి నవ్వు వినిపించింది. తర్వాత ఫోను తీసుకుని, కాలవలకి నీళ్లు వదిలేశారండీ అన్నారు. బోదె నిండింది. సర్వేయరు ఇంకా రాలేదు.