చిక్కమ్మ మీద పడిన నింద

సుమలత కుప్పం వదిలి పద్దెనిమిదేళ్లయింది. భర్త ప్రతాప్ షోలాపూర్‌లో దుప్పట్ల మిల్లులో పనిచేస్తాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. అమ్మానాన్నలు పోయి, అన్న బెంగళూరుకు మారిపోయాక సొంత ఊరికి వెళ్లే పనే లేకపోయింది. అందుకే, పదో తరగతి వాళ్లమంతా మే నెలలో కుప్పంలో కలుద్దామని మదనపల్లె నుంచి శ్రుతి ఫోను చేసినప్పుడు సుమలత సంతోషం పట్టలేకపోయింది. రెండు నెలల ముందే రైలు టికెట్లు తీసుకుంది. తనకోసం ఒక పట్టు జాకెట్టు కుట్టుకుంది, నచ్చక విప్పి మళ్లీ కుట్టింది. కుప్పం నుంచి పలమనేరు పోయే దారిలో మామిడితోటలు ఎలా కనిపిస్తాయో ప్రతాప్‌కు చెప్పిందే చెప్పింది.

ఒక సాయంత్రం వాట్సాప్ గ్రూపులో సన్మానాల మాట వచ్చింది. పాత టీచర్లతో పాటు అటెండరు మునిస్వామికి కూడా శాలువా కప్పుదామని శ్రీనివాసులు రాశాడు. "మరి ఆయా చిక్కమ్మ?" అని ఎవరో అడిగారు. "టీచరమ్మ వాచీ కొట్టేసినదానికి సన్మానమా?" అన్నాడు పవన్ కుమార్. వరసగా నవ్వుబొమ్మలు పడ్డాయి. అందరూ పెడుతున్నారు కదా అని సుమలత కూడా ఒకటి పెట్టింది. పెట్టాక ఫోను బోర్లా పెట్టేసింది.

ఆ వాచీ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. పదో తరగతిలో ఒకరోజు సరస్వతమ్మ టీచరు చేతులు కడుక్కోవడానికి వాచీ విప్పి కిటికీలో పెట్టింది. ఒక్కసారి పెట్టుకుని చూద్దామని సుమలత తీసుకుంది. సన్నని చేయి కావడంతో వాచీ జారి కిటికీ కిందున్న నీళ్ల సంపులో పడింది. భయపడి క్లాసులోకి వెళ్లి కూర్చుంది. ఆ గదులు ఊడ్చేది చిక్కమ్మే. అనుమానం ఆమె మీదికి పోయింది. హెడ్మాస్టరు గది ముందు చిక్కమ్మ కొంగు విదిలించి చూపించడం సుమలత బెంచీలోంచి చూసింది. మరుసటి వారం నుంచి ఆమె బడికి రాలేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆమె కూతురు శ్రీలక్ష్మి కూడా రాలేదు.

రెండు రోజులు సుమలత అన్నం సరిగా తినలేదు. నవ్వుబొమ్మను తీసేసింది, కానీ గ్రూపులో ఏమీ రాయలేకపోయింది. చివరికి ప్రతాప్‌తో వాచీ సంగతీ, నవ్వుబొమ్మ సంగతీ చెప్పింది.

"అప్పుడు చిన్నపిల్లవు. మరి మొన్న?" అన్నాడు.



అందరికంటే ఒకరోజు ముందే ఆమె కుప్పంలో రైలు దిగింది. వి.కోట మీదుగా పోయే బస్సెక్కి చిక్కమ్మ సొంత ఊరు బైరెడ్డిపల్లెలో దిగి, ఆమె ఇల్లు అడుగుతూ వెళ్లింది. చిక్కమ్మ ఆవుకు తౌడు కలుపుతోంది. వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి.

"ఎవురమ్మా నువ్వు? యాడినించి వస్తాండావు?"

సుమలత పేరు చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేసింది. చిక్కమ్మ తౌడు చేయి కడుక్కోకుండానే విన్నది.

"సంపులోనా?" అంది చివరికి. "ఆ సంపు నేనే గదా కడుగుతాంటి. ఇంకో నెల ఉండనిచ్చింటే నాకే దొరికుండు."

"తప్పయిపోయిందమ్మా."

"బడి పోయినాక మదనపల్లె మండీలో టమోటాలు ఏరితిని. దానికి బాధ లేదు. పని యాడైనా పనే. మా శ్రీలక్ష్మి ఆ పొద్దు నన్నడిగింది, నిజంగా తీసినావామ్మా అని. తీయలేదంటే నమ్మలా. ఇప్పుడు గూడా పుంగనూరులో దాని ఇంటికి పోతే, నేనుండే వరకు బీరువా తాళం నడుములో దోపుకుంటాది. నాకు జెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే గదా. పోయి దానికి జెప్పు."

ఆమె కూతురికి ఫోను కలిపి సుమలత చేతికిచ్చింది. సగం వినగానే శ్రీలక్ష్మి ఆపింది.

"ఫోన్లో వద్దు. ఈడికి రా. మా అత్త ముందర, మా ఆయన ముందర జెప్పు."

మధ్యాహ్నానికి సుమలత పుంగనూరు చేరింది. శ్రీలక్ష్మి, ఆమె అత్త, భర్త ముగ్గురూ వరుసగా కూర్చున్నారు. వాళ్ల ఎదుట మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. నవ్వుబొమ్మ మాట దాచుకుందామనుకుంది, కానీ అదీ చెప్పింది. అప్పుడు శ్రీలక్ష్మి ముఖం చూడలేక తల దించుకుంది.

"ఇన్నేండ్లు యాల జెప్పలేదు?"

"సిగ్గయి."

"నీకు సిగ్గయితే మా అమ్మ మొయ్యాల్నా?" అంది శ్రీలక్ష్మి. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. చెప్పులేసుకుని, "అమ్మ దగ్గరికి పోతాండా," అని భర్తతో చెప్పి బస్టాండు వైపు నడిచింది. తర్వాతి బస్సుకు సుమలత కుప్పం తిరిగొచ్చింది.

మరునాడు కుప్పంలో కల్యాణ మండపంలో అందరూ కలిశారు. సన్మానాలు మొదలుపెట్టే ముందు సుమలత మైకు అడిగి తీసుకుని నాలుగే మాటల్లో చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. పవన్ కుమార్ కిందికి చూస్తూ ఉండిపోయాడు. ముందు వరసలో సరస్వతమ్మ టీచరు, "హెడ్మాస్టరుకు చెప్పింది నేనే గదమ్మా," అని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. శ్రీనివాసులు సుమలత దగ్గర నంబరు తీసుకుని అక్కడికక్కడే చిక్కమ్మకు ఫోను చేసి, కారు పంపుతామన్నాడు.

"నాకు శాలువా యాలప్పా? నా బిడ్డ వచ్చి ఉండాది. వంట సేసుకోవాల," అని ఆమె పెట్టేసింది.

భోజనాల దగ్గర సుమలత పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాసేపటికి శ్రుతి వచ్చి కూర్చుంది. గబగబా తిని లేచింది. గ్రూపు ఫోటోకు పిలిచినా సుమలత వెళ్లలేదు.

సాయంత్రం స్టేషన్లో ఉండగా ప్రతాప్ ఫోను చేశాడు.

"అందరూ కలిసినారా? బాగుండిందా?"

"బాగలేదు. చెప్పేసినాను," అంది. బెంగళూరు రైలు వస్తుంటే సంచీ అందుకుంది.