మంచులో నిలబడింది మేస్త్రి

మా మేస్త్రి పోయి నాలుగు రోజులు తిరక్కుండానే, ఆయన చూసిన పండగను కామందు ఎత్తుకుపోయాడు.

ఆగిరిపల్లి మామిడితోటలో మాచేత పని చేయించిన మేస్త్రి మొన్న ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశాడు. బుధవారం నూజివీడులో వర్తకుల హాల్లో సంతాప సభ. తోట కామందు మైకు పట్టుకున్నాడు. "జపానులో కొండమీది గుడి పండక్కి మంచులో వట్టి కాళ్లతో నిలబడ్డానండీ. మేస్త్రి నాకు వంటకొచ్చాడు. మంచి వంటవాడు." వర్తకులు చప్పట్లు కొట్టారు.

అబద్ధం. జపాను వరిసాగు మీద మన జిల్లా రైతులు మోజుపడ్డ రోజుల్లో కామందు ఓడెక్కాడు. అక్కడి తిండి పడదని ఆవకాయ జాడీనీ, మేస్త్రినీ వెంటబెట్టుకెళ్లాడు. చలికాలపు పండగ చూపిస్తామని అక్కడి రైతులు కొండ ఊరికి తీసుకెళ్తే, కామందు పడిశం పట్టి బసలో బొంతలు కప్పుకుని పడుకున్నాడు. "నువ్వెళ్లి చూసొచ్చి చెప్పరా" అన్నాడట.

ఏటా మామిడిపూతకు పురుగు పట్టకుండా పొగ వేసేటప్పుడు, మేస్త్రి చితుకులు ఎగదోస్తూ మాకు చెప్పేవాడు.

"గుడి కనపడింది గదా, చెప్పులిప్పేశాన్రా. మోకాలి లోతు మంచు! ఒక్కడన్నా ఇప్పితేనా? ఒక ముసలమ్మ నా కాళ్లు చూసి ఒకటే కేకలు. తిడతందనుకున్నా."

"తిట్టే ఉంటది మామా, నీకేం తెలిసిద్ది?"

"తిట్టినా మా అమ్మలాగా తిట్టిందిలేరా! కొట్లోంచి గడ్డిచెప్పులు తెచ్చింది. నేను వంగబోతే, ఆవిడే వంగి తొడిగింది."

ఆయన కాళ్ల దగ్గర ఇంకొకరు వంగటం అదే మొదలు.

గుడి ముందు గడ్డికుప్ప అంటించి, పుల్లలకు బియ్యప్పిండి ముద్దలు గుచ్చి, ఊరంతా ఆ ఒక్క మంట మీదే కాల్చుకు తిన్నారట. ఆయన చేతికీ ఓ పుల్ల ఇచ్చారట. "మీరెవరివాళ్లని ఒక్కరూ అడగలేదురా." ఆ మాట చెప్పి మాకూ పుల్లలు పంచేవాడు. ముద్ద సగం మాడిపోయేది. మాలలూ మాదిగలూ కాపులూ, అందరం ఆ పొగలోనే నిలబడి తినేవాళ్లం.

నేను బడికి పోలేదు. మామిడిపెట్టెల మీది పేర్లు చూసి చదవటం, రాయటం నేర్చుకున్నాను. "రాయటమొచ్చినోడివి, ఈ సంగతి ఎప్పుడన్నా రాయరా" అనేవాడు. రాస్తున్నాను మామా.

కామందు గారూ, వచ్చే బుధవారం పెద్దకర్మ. మంగళవారం పొద్దుగూకేలోగా, అదే హాల్లో, అదే మైకులో, మంచులో నిలబడింది ఎవరో చెప్పండి. చెప్పలేకపోతే మేస్త్రి ఇంటికొచ్చి చూడండి. గడ్డిచెప్పులు దూలానికి వేలాడుతున్నాయి. మడమ దగ్గర గడ్డి ఆయన పాదం మేరకే నలిగి ఉంది.