పేర్లు చెప్పని మూడు గల్లీలు

ఇమాం వలి మంచివాడని మెట్టుగూడలో ఎవరినడిగినా చెప్పేవారు. మన దగ్గర మంచివాడు అనిపించుకోవడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. ఎవరికీ ఎదురు చెప్పకుండా తలదించుకొని పోతూ వస్తూ ఉంటే చాలు. ఇమాం వలి పద్దెనిమిదేళ్లు అట్లాగే సర్కారు కచ్చేరీకి గుమాస్తాగా పోయి వచ్చాడు. తండ్రి దూది ఏకేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజులో అరబ్బీ, కచ్చేరీలో రాసేది ఉర్దూ. దస్తూరి ఎంత బాగుండేదంటే తోటి గుమాస్తాలు తమ పిల్లల పెళ్లి పత్రికలు కూడా అతనితోనే రాయించుకునేవారు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో సైన్యం వచ్చింది. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు గానీ వచ్చినవి తుపాకులూ టాంకులే. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. ఆ తర్వాత కచ్చేరీల్లో జాబితాలు మొదలయ్యాయి. రజాకార్లతో తిరిగినవాడెవడు, చందా ఇచ్చినవాడెవడు అని విచారించారు. రజాకార్ల ఊరేగింపు వస్తే ఇమాం వలి తలుపేసుకొని లోపల కూర్చున్నవాడు. అయినా అతని పేరు మీద ఒక గీత పడింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. రెండేళ్లయినా అది తేలలేదు. అతను మోండా మార్కెట్‌లో ఒక కొట్టు అరుగు మీద కూర్చొని వచ్చేపోయేవాళ్లకు అర్జీలు రాసిపెట్టాడు. భార్య హజీరా ఇరుగుపొరుగు వాళ్ల రవికెలు కుట్టింది. ఉద్యోగం మళ్లీ రావాలి, అంతకు మించి ఆ ఇంట్లో ఇంకో కోరిక లేదు.

రెండేళ్ల తర్వాత కచ్చేరీ నుంచి కబురొచ్చింది. అప్పటికి పెద్ద కుర్చీల్లో బయటి నుంచి వచ్చిన ఆఫీసర్లు ఉన్నారు. ఇమాం వలిని పిలిపించినాయన పేరు సదాశివ. మద్రాసు వైపు మనిషి, ఉర్దూ ఒక్క ముక్క రాదు. మర్యాదకు మాత్రం లోటు లేదు, కుర్చీ వేసి మరీ గొంతు కోసే రకం. ఎన్నికలు రాబోతున్నాయని, ఓటర్ల జాబితా రాయడానికి మనుషులు చాలడం లేదని ఆయన చెప్పాడు. మెట్టుగూడలో మూడు గల్లీలు ఇమాం వలివి. జాబితా శుభ్రంగా వస్తే అతని ఫైలు మీద నాలుగు మంచి మాటలు రాసి పైకి పంపుతానన్నాడు. ఇమాం వలి లేచి నిలబడి సలాం చేశాడు.

జాబితా రాసేవాళ్లకు ఒక బడిలో రెండు రోజులు తర్ఫీదు ఇచ్చారు. వాళ్లలో ఒక్కతే ఆడమనిషి, డోరా. మిషన్ బడిలో టీచరు. చర్చి వాళ్లు పంపిస్తే అమెరికా పోయి, మిసిసిపీ అనే రాష్ట్రంలో నల్లవాళ్ల కాలేజీలో ఏడాదిన్నర చదివి వచ్చింది. భోజనాల వేళ అందరూ ఆమె చుట్టూ చేరి అక్కడి సర్కారు ఎట్లా నడుస్తుందో అడిగారు. ఆ దేశంలో పార్టీలు రెండున్నా ఆ రాష్ట్రంలో మాత్రం ఎప్పుడూ గెలిచేది ఒక్కటేనని, గవర్నరును కూడా జనమే ఎన్నుకుంటారని చెప్పింది. జనం అంటే ఎవరని ఇమాం వలి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు పాపం.

జనం అంటే జాబితాలో పేరున్నవాళ్లని డోరా చెప్పింది. అక్కడ జాబితా రాసే గుమాస్తా ఒకడుంటాడు. నల్లవాడు పేరు రాయించుకోవడానికి వస్తే రాజ్యాంగంలో ఒక పేరా చూపించి అర్థం చెప్పమంటాడు. ఏం చెప్పినా తప్పే అంటాడు. సంతకం రాని తెల్లవాడు మాత్రం ఏం చెప్పినా ఒప్పే. నల్ల పిల్లలకు పాఠాలు చెప్పే పంతుళ్లు సైతం ఆ పరీక్ష తప్పి ఇంటికి పోతారు. తుపాకీ అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు, కలం చాలు.

ఇమాం వలికి ఆ గుమాస్తా మీద ఎక్కడ లేని కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్లు కలం పట్టినవాడికి రావలసిన కోపమే.

"వానికి జెర సుత సిగ్గూ షరం ఉండదా, టీచరమ్మా?" అన్నాడు.

"ఉంటది కావచ్చు మున్షీ సాబ్," అంది డోరా. "వానికి నౌకరీ సుత ఉంటది గద."

మర్నాటి నుంచి ఇమాం వలి గల్లీల్లో తిరిగాడు. రైల్వే కూలీలు, బండ్లు తోలేవాళ్లు, దూదేకులవాళ్లు, నాలుగు కంసాలి ఇళ్లు. ప్రతి వాకిట్లో దగ్గి, ముఖం వీధి వైపు తిప్పుకొని, ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లు ఎందరని అడిగేవాడు. మగవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు చక్కగా రాసుకున్నాడు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగేది. పరాయి ఆడమనిషి పేరు నోరు తెరిచి అడగడం అతని పుట్టుకలోనే లేదు. ఏ మతం ఇల్లైనా మగవాడు 'మా ఇంటిది అని రాసుకో' అనేవాడు. అదే అదబు, అదే మర్యాద అనుకొని అతను రైల్వే కూలీ పర్వతాలు భార్య, బండివాడు మౌలా అలీ తల్లి, ఫలానావాడి కోడలు అని రాసుకుంటూ పోయాడు. తన ఇల్లు వచ్చినప్పుడు ఇమాం వలి భార్య అని రాశాడు. హజీరా పక్కనే కూర్చొని గుండీలు కుడుతోంది. ఆమెనూ అడగలేదు.

అందరికంటే ముందు జాబితా ఇచ్చింది అతనే. సదాశివ భుజం తట్టాడు. నెల తిరక్కముందే పైనుంచి ఉత్తర్వు దిగింది. పేరు లేకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాసినవన్నీ కొట్టివేయాలి. మూడు వారాల్లో సొంత పేర్లు తెస్తే ఉంచుకోవచ్చు. మూడు గల్లీల్లో అట్లాంటివాళ్లు నూట పన్నెండు మంది తేలారు. జాబితా ఇట్లా చిల్లులు పడితే ఫైలు ఎట్లా కదులుతుందండీ అని సదాశివ ఎంతో బాధగా అడిగాడు.

ఇమాం వలి మళ్లీ గడప గడపా ఎక్కాడు. ఈసారి మగవాళ్ల ముఖాలు మారిపోయాయి. మౌలా అలీ తలుపుకు అడ్డంగా నిలబడి చెప్పాడు. "మొన్న మిలట్రీ వచ్చినప్పుడు గిట్లనే పేర్లు రాసుకపోయిన్రు మున్షీ సాబ్. మా తమ్ముడు ఇంక ఇంటికి రాలే. ఇప్పుడు ఆడోళ్ల పేర్లు సుత కావాల్నా?" ఇమాం వలి కాగితం మడిచి పెట్టుకొని గుమ్మం దిగాడు. తన పేరూ ఒక జాబితాలో ఉన్నదే కదా.

దారిలో డోరా కనిపిస్తే గోడు వెళ్లబోసుకున్నాడు. ఆమె ఆడమనిషి కాబట్టి తన గల్లీల్లో ఒక్క పేరూ పోలేదు. ఆడవాళ్లను అడగడానికి ఆడవాళ్లనే పంపాలని, ఇంట్లో భార్యను పెట్టుకొని ఈ తిప్పలేమిటని మెత్తగా చీవాట్లు పెట్టింది.

హజీరాకు చదువు రాదు గానీ రవికెల పుణ్యమా అని ఆ గల్లీల్లో ఆమె అడుగుపెట్టని వంటిల్లు లేదు. కొలతలు తీసుకుంటూ పేర్లడిగింది. కంసాలి ఇంటి శ్యామలమ్మ తలుపు గడియ వేసి చెప్పింది. పర్వతాలు భార్య చెవిలో చెప్పి, చెప్పినందుకు తానే సిగ్గుపడి నవ్వింది. మౌలా అలీ తల్లికి డెబ్బై ఏళ్లు. పెళ్లయిన నాటి నుంచి కోడలా, అమ్మీ, దాదీ అని తప్ప ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు. కాసేపు ఆలోచించి "జైనాబీ" అంది. ఇంకోసారి తనకు తానే "జైనాబీ" అనుకుంది. ఈ పేర్లు ఎవరి చేతిలోనూ పడవని, మా ఇంటాయనే స్వయంగా రాస్తాడని, ఓటు పెట్టె దగ్గరికి అందరం కలిసి పోదామని హజీరా ఇంటింటా మాట ఇచ్చింది. పొద్దున విన్న పేర్లు నోట్లో వల్లె వేసుకుంటూ వచ్చి మధ్యాహ్నానికి మొగుడి చేత రాయించేది. పన్నెండు రోజుల్లో నూట పన్నెండు పేర్లూ వచ్చాయి. ఒక్కటీ తప్పిపోలేదు.

ఇమాం వలి వాటిని తెల్ల కాగితం మీద అందంగా ఎత్తి రాసి, గడువుకు మూడు రోజులుండగానే కచ్చేరీకి పట్టుకుపోయాడు. సదాశివ గదిలో జంగయ్య కూర్చొని ఉన్నాడు. కట్టెల అడితి ఉన్న పెద్దమనిషి. సైన్యం రాకముందు ఏ పార్టీలో ఉన్నాడో ఎవరూ అడగలేదు, ఇప్పుడు మాత్రం గెలవబోయే పార్టీలో ఉన్నాడు. కాగితం సదాశివ కంటే ముందు అతనే అందుకొని చూశాడు. ఆ మూడు గల్లీల్లో పది ఓట్లు పడితే తొమ్మిది ఎదుటి పార్టీకి పోతాయని జంగయ్యకు తెలుసు. కూలీలు, బండివాళ్లు, తమ్ముళ్లను పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల మగవాళ్లనే ఆపలేకపోయాడు, ఇప్పుడు ఆడవాళ్లు కూడానా? కాగితం బల్ల మీద పెట్టి సదాశివ ముఖంలోకి చూశాడు. పెద్దమనుషులకు నోరు విప్పే అవసరం రాదు.

ఈ పేర్లు ఎవరు సేకరించారని సదాశివ అడిగాడు. ఇమాం వలి నిజం చెప్పాడు.

"మీ ఇంటావిడకు సర్కారు నియామకం లేదు కదండీ," అన్నాడు సదాశివ. "ఇవి చెల్లవు. మీరొక పని చేయండి. స్త్రీలు పేర్లు చెప్పడానికి నిరాకరించారని రాసి సంతకం పెట్టండి. జాబితా శుభ్రంగా ఉంటుంది. మీ ఫైలు ఈ రోజే పంపించేస్తాను."

అప్పుడు ఇమాం వలికి చాలా సంగతులు గుర్తుకు వచ్చి ఉంటాయి. నాకు తెలిసినంతలో అతను ఒకే ఒక మాట అన్నాడు, వాళ్లు చెప్పారండి అని. ఆ మాట మెల్లగా అన్నాడు. సదాశివ కలం చేతికిచ్చాడు. అతని దస్తూరి ఆ రోజు కూడా బాగానే వచ్చింది. తర్వాత ఎర్ర సిరాతో నూట పన్నెండు గీతలు గీయమన్నారు, గీశాడు. హజీరాది డెబ్బై మూడో గీత.

పదిహేను రోజుల్లో ఉద్యోగం తిరిగి వచ్చింది. హజీరా సేమియా పాయసం వండి మూడు గల్లీలకూ పంచింది. ఇది మీ అందరి పేర్ల చలువే, బర్కతే అని ఆడవాళ్లతో చెప్పుకుంది. ఇమాం వలి ఇంట్లోనే ఉండి విన్నాడు. నిజం చెప్పడానికి అతనికి ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఎన్నికల దాకా ఏడాది పొడుగునా సమయం దొరికింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాడు. పిరికివాడికి రేపు అనే రోజు ఉన్నంత సుఖం ఇంకొకటి లేదు.

పోలింగు ఒక బడిలో పెట్టారు. మెట్టుగూడ మనుషులను గుర్తుపడతాడని జాబితా చూసే పని ఇమాం వలికే వేశారు. అతను వద్దని బతిమాలితే సదాశివ నవ్వి ఊరుకున్నాడు. పక్క కుర్చీలో వేలికి సిరా పెట్టడానికి డోరా ఉంది. గోడవార పార్టీల తరఫు మనుషుల వరసలో జంగయ్య ఉన్నాడు. ఆ పొద్దున ఇమాం వలి బయల్దేరుతూ, రద్దీగా ఉంటుంది, నువ్వు రావద్దని భార్యకు చెప్పి చూశాడు. అందరికీ మాటిచ్చిన, నేను రాకుంటే ఎట్ల అంది హజీరా.

పదిన్నరకు వాళ్లు వచ్చారు. ముప్పై నలభై మంది. కొందరు బురఖాల్లో, కొందరు కొంగు నిండుగా కప్పుకొని. జైనాబీని ఇద్దరు చెరో రెక్కా పట్టుకొని నడిపించారు. అందరికంటే ముందు హజీరా. బల్ల ముందు నిలబడి ముసుగు పైకెత్తింది. గది నిండా పరాయి మగవాళ్లు. పేరేమిటని డోరా అడిగింది.

"హజీరా," అంది ఆమె గట్టిగా. కొద్దిగా ఆగి, పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఎన్నడూ అనని మాట అంది. "మా ఇంటాయన పేరు ఇమాం వలి."

డోరా నవ్వుతూ అతని వైపు తిరిగింది. అతను కాగితాలు తిప్పాడు. వెతకవలసినది ఏమీ లేకపోయినా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు.

"పేరు లేదు," అన్నాడు.

హజీరాకు అర్థం కాలేదు. ఇంకోసారి చూడమంది. వెనకనుంచి జైనాబీ తన పేరు చెప్పింది. శ్యామలమ్మ చెప్పింది. తలుపులు వేసుకొని చెవుల్లో చెప్పుకున్న పేర్లు ఒక్కొక్కటే అందరి ముందూ బయటికి వచ్చాయి. లేదు, లేదు అని అతను తల ఎత్తకుండా చెబుతూ పోయాడు. గోల పెరిగేసరికి జంగయ్య విసుక్కున్నాడు.

"అప్పుడు పేర్లు చెప్పకుంట ఇప్పుడు లొల్లి ఏందమ్మా? మీరు చెప్పలేదని మున్షీ సాబే రాసిచ్చి దస్కత్ పెట్టిండు గద."

హజీరా మొగుడి ముఖం చూసింది. అబద్ధమని అంటాడేమోనని కాసేపు ఆగింది. డోరా చేతిలో సిరా పుల్ల అట్లాగే ఉండిపోయింది. ఇమాం వలి మళ్లీ కాగితాలు తిప్పడం మొదలుపెట్టాడు. హజీరా ముసుగు దించుకొని వెనక్కి తిరిగి, "నడువుండ్రి," అంది. జైనాబీ మాత్రం ఏమైందని అడుగుతూనే పోయింది.

సాయంత్రం అతను తిట్లకు సిద్ధపడి ఇంటికి వచ్చాడు. తిట్టినా కొట్టినా బాగుండుననుకున్నాడు. హజీరా కంచం పెట్టి, "ఇమాం వలీ, అన్నం తిను," అంది.

అతను ఇంకా పద్దెనిమిదేళ్లు నౌకరీ చేశాడు, ఒక మెట్టు పైకి కూడా ఎక్కాడు. ఎన్ని ఎన్నికలు వచ్చినా హజీరా తన పేరు రాయించుకోలేదు. మొగుడిని మాత్రం పేరు పెట్టే పిలిచింది, ఇంట్లో, వాకిట్లో, చుట్టాల ముందు, కచ్చేరీ వాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు కూడా. మొదట్లో జనం నోళ్లు నొక్కుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆమె పిలిచిన ప్రతిసారీ అతను పలికాడు.