అరువు గొంతు

గ్యాస్ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చునే గుమాస్తాది భారీ విగ్రహం, గుబురు మీసం, సన్నని ఆడగొంతు. ఎదురుగా వచ్చి 'సార్' అనే జనమే ఫోన్లో 'మేడమ్' అంటారు. చనువు పెరిగితే 'అమ్మా', కోపమొస్తే 'ఏమ్మా' అంటారు. ఈ పిలుపులు మార్చి తీరాలని ఆయన పట్టుబట్టాడు. రోజూ పొద్దున్నే ఖాళీ బకెట్‌లోకి తల వంచి, బొంగురుగా 'హలో' అని సాధన చేస్తాడు. "పక్కింటివాళ్లు హడలిపోతున్నారండీ" అని భార్య తలుపు కొట్టినా మానడు. ఆఫీసులో ఫోన్ మోగగానే గడ్డం ఛాతీకి ఆనించి ఆ అరువు గొంతు తీస్తాడు. నాలుగు మాటలయ్యేసరికి అది మెట్లెక్కినట్టు పైకి పోతుంది. దగ్గి, మళ్లీ కిందికి దించుకుంటాడు.

మొన్న ఒక ముసలావిడ వరండాలోంచి ఫోన్ చేసింది. ఇంట్లో ఒక్కతే ఉందట, వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందట. "ముందు కిటికీలు తెరవండి" అన్నాడు బొంగురుగా. "కసురుకోకు నాయనా, నాకసలే కాళ్లు వణుకుతున్నాయి. అక్కడ ఆడవాళ్లెవరైనా ఉంటే ఫోనివ్వు" అందావిడ. ఆయన రిసీవర్ మీద చెయ్యి మూసి చుట్టూ చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. గడ్డం పైకెత్తి, "చెప్పమ్మా, నేనున్నాను. లైటు స్విచ్ ముట్టుకోకు. కిటికీలు తెరిచి, సిలిండర్ కట్టేసి రా" అన్నాడు తన గొంతుతోనే. ఆవిడ వెళ్లి, కట్టేసి వచ్చింది. అడ్రసు రాసుకుని, "మా మనిషిని పంపిస్తున్నాను, బయటే కూర్చో అమ్మా" అన్నాడు. "చల్లగా ఉండు తల్లీ. ఇందాక మాట్లాడాడే ఆ బొంగురు గొంతువాడు, అతన్ని ఆ కుర్చీలోంచి తీసెయ్యండి" అందావిడ.

ఆయన మీసం సవరించుకున్నాడు.

"తీసేశామమ్మా" అన్నాడు.