దొంగ మెచ్చిన గొడుగు

మామయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి. ఏ బొమ్మ చూసినా బాగుందా లేదా అనడు, దొంగ ఎత్తుకుపోతాడా లేదా అని చూస్తాడు. ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది. పెళ్లి ఫొటో తెచ్చినవాణ్ణి కూడా వదలడు. "మీకేం భయం లేదు బాబూ, తలుపులు తీసి పడుకున్నా దీన్నెవడూ ముట్టుకోడు" అంటాడు. పెళ్లికొడుకు మొహం మాడిపోతుంది.

"చరిత్ర తిరగెయ్యరా" అంటాడు రంపం ఆపి. "బొమ్మని రాజు ఎత్తుకుపోతే విజయం, డబ్బున్నోడు ఎత్తుకుపోతే సేకరణ, లేనోడు ఎత్తుకుపోతే దొంగతనం. ముగ్గురి కన్నూ ఒకటే. ఇక దొంగ నకలు గీసేవాడున్నాడే, వాడు చూసినంత శ్రద్ధగా అసలు బొమ్మని కొన్నవాడు కూడా చూసుండడు."

ఇదంతా వినే ఖర్మ మేనల్లుడిది. వాడు కాలేజీ మధ్యలో వదిలేసి, ఆ దుకాణంలోనే చెక్కలు కోస్తూ, తీరిక దొరికితే బొమ్మలు వేస్తాడు. "దీన్ని దొంగ ఎత్తుకుపోతాడురా" అని మామయ్య ఒక్కసారి అంటే చాలు వాడికి. ఆ మాట కాస్తా వాడి తమ్ముడికి, అంటే పిన్ని కొడుక్కి దక్కింది.

"ఈ గుర్రం కోసం దొంగ గోడ దూకుతాడు" అన్నాడు మామయ్య, తమ్ముడి బొమ్మ చూసి.

మేనల్లుడు వెంటనే తన బొమ్మ ముందుకు తోశాడు. వసారాలో ఆరబెట్టిన గొడుగు. మామయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

"జోరున వాన పడుతున్నా తీసుకోడు."

గ్రంథాలయం హాల్లో ప్రదర్శన పెట్టారు. బొమ్మలు తగిలించింది మామయ్యే. గుర్రం ముందు జనమే జనం. గొడుగు ముందు ఒకాయన ఆగాడు, బూటు లేసు కట్టుకోడానికి.

"అన్నయ్యా, నీది కూడా బాగానే ఉంది" అన్నాడు తమ్ముడు. ఆ 'కూడా' మేనల్లుడికి రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది.

తెల్లారేసరికి గొడుగు మాయం. ఖాళీ ఫ్రేము ముందు జనం విరగబడ్డారు.

"ఏం బొమ్మండీ అది! నిన్న కళ్లు తిప్పుకోలేకపోయాను" అంటున్నాడు లేసు కట్టుకున్నాయన.

తమ్ముడు పాలిపోయాడు. "నా గుర్రం పక్కనే ఉంది కదా అన్నయ్యా. దొంగ చూడలేదంటావా?"

"చూసే ఉంటాడు లేరా" అన్నాడు మేనల్లుడు, ఎన్నడూ లేనంత ప్రేమగా.

అప్పుడు ఫ్రేము వైపు చూశాడు. దొంగ బొమ్మని కోసుకుపోలేదు. వెనక మేకులు ఒక్కొక్కటే గీత పడకుండా ఊడదీసి, కాగితంలో పొట్లం కట్టి కిటికీలో పెట్టాడు. ఖాళీ ఫ్రేమును వెంట్రుకవాసి వంకర లేకుండా మళ్లీ తగిలించి మరీ పోయాడు.

లైబ్రేరియన్ పోలీసులకు ఫోన్ చెయ్యబోతే మేనల్లుడు ఆపాడు. "నా బొమ్మే కదా సార్, నేను చూసుకుంటా."

మామయ్య ఇంటి తలుపు అత్తయ్య తీసింది. "వచ్చావా నాయనా. మంచం కింద ఏం దాచాడో, పొద్దున్నించీ చీపురు పెట్టనివ్వడం లేదు మీ మామయ్య."

మామయ్య మంచం మీద బుద్ధిగా కూర్చున్నాడు.

"నిన్న దాని పక్కన దిక్కులేనివాడిలా నిలబడ్డావు. చూడలేకపోయానురా" అన్నాడు.

మేనల్లుడి ఉత్సాహమంతా చప్పగా చల్లారిపోయింది. "అంటే జాలిపడి తీశావన్నమాట."

"జాలేస్తే కొనేవాణ్ణి. ఈ మోకాళ్లతో స్టూలెక్కి, ఈ వయసులో జైలుకి తెగిస్తానా?"

"మరి ఆ రోజు అలా అన్నావేం?"

"బాగుందంటే ఎవడికో ఇచ్చేస్తావని."

మేనల్లుడు నోరు తెరిచేలోపు గుమ్మంలో చీపురు టప్పుమని కింద పడింది.

"ఇన్నేళ్ల కాపురంలో" అంది అత్తయ్య, "నా కోసం పక్కింటి పెరట్లో పువ్వొకటి దొంగతనంగా కోసుకొచ్చారా ఎప్పుడైనా?"