తెనాలి దగ్గర మొదలయ్యే మాటలు

బాపట్లలో టిఫిన్ సెంటర్లవాళ్లు ఈమధ్య అల్లం చట్నీ అడిగితేగానీ వెయ్యడం లేదు. అడిగితే వేస్తారు, కాని పొలం రాసిమ్మన్నట్టు చూస్తారు. ఈ సంగతి రేపల్లెలో మా బాబాయి దగ్గర వెళ్లబోసుకుంటే, "నోరుంది, అడుగుతున్నావు. ఇంకేంటి నీ బాధ?" అన్నాడు. మంచం మీద కూర్చున్న పిన్ని నవ్వింది. ఇక నాకు చట్నీ ఊసెత్తాలనిపించలేదు.

పిన్నికి ఆ ముందు ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొంత స్వాధీనంలోకి వచ్చాయి, మాట రాలేదు. మంచినీళ్లు కావాలంటే ఆ మాట దొరకదు. దాని కోసం గాల్లో చెయ్యి తిప్పి తిప్పి, చివరికి అటు తిరిగి పడుకునేది. అలాంటిది, ఒకరోజు నేను తెనాలిలో రైలు మారి వచ్చిన కష్టాలు చెబుతుంటే, పిన్ని "తెనాలి" అంది. నేను తేరుకునేలోపే చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, రేపల్లె. ముద్దముద్దగానే, కాని ఒక్క స్టేషనూ వదలకుండా. ఉద్యోగమంతా తెనాలి బడిలో చేసి, రోజూ సాయంత్రం పాసింజరులో ఇంటికొచ్చిన మనిషి ఆవిడ. మాటలు పోయినా ఆ దారి పోలేదు.

అలవాటైన వరసలు కొందరికి అలా మిగిలిపోతాయని డాక్టరుగారు చెప్పారు. "కొందరికి అంకెలండి, కొందరికి ప్రార్థనండి" అన్నారు. బాబాయి లూథరన్ గుడిలో సంఘపెద్ద. ప్రార్థన పోయి పాసింజరు మిగిలినందుకు ఆయన కాస్త నొచ్చుకున్నాడు.

నేను బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మనిషి మాటను యంత్రం పోల్చుకునే పద్ధతులు నా సబ్జెక్టు. వాటిలో పాతకాలపుది ఒకటుంది, ఫైనైట్ స్టేట్ మెషిన్ అంటారు. బోర్డు మీద సున్నాలు చుట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు గీస్తాం. ఏ సున్నాలో ఉన్నా, బాణం ఉన్న చోటికే పోగలం. బాణం లేకపోతే అక్కడే కూర్చోవాలి. దాని తెలివంతా అంతే. ఇప్పుడు అందరికీ పెద్ద పెద్ద మోడళ్ల మీద మోజు కాబట్టి, నేను ఈ బాణాలు గీస్తున్నంతసేపూ వెనక బెంచీలు గౌరవంగా నిద్రపోతాయి.

పిన్ని నోట స్టేషన్లు విన్న రోజున ఈ సున్నాలే ఆవిడ మంచం పక్కన కూర్చుని కాగితం మీద గీశాను. ఒక్కో స్టేషనుకు ఒక్కో అవసరం. పిన్ని తెనాలి నుంచి పేర్లు చెప్పుకుంటూ వచ్చి, కావలసిన చోట ఆగి, మంచం కోడు మీద చేత్తో కొట్టాలి. జంపనికి టీ ఇచ్చాం. చక్కెర ఫ్యాక్టరీ ఊరు కనక దాని మీద వివాదం రాలేదు. వేమూరు మంచినీళ్లు, పెనుమర్రు ఫ్యాను, భట్టిప్రోలు నొప్పి. బాత్‌రూముకు బాబాయి పల్లికోన ఇచ్చాడు. మర్నాడు పొద్దున పిన్ని తెనాలిలో బయల్దేరి, స్టేషన్లన్నీ ఎక్స్‌ప్రెస్ లాగా దాటుకొస్తూ ఆయనకేసి చూసిన చూపు చూశాక, వెంటనే దాన్ని చినరావూరుకు మార్చాం. ఇంజనీరింగులో దీన్ని ఆప్టిమైజేషన్ అంటారని చెప్పాను.

"ఇంట్లో ఇంగితం అంటారు" అన్నాడు బాబాయి, పల్లికోన తన ఆలోచనే అని మర్చిపోయి.

తర్వాత ఆ సున్నాలను పిన్ని ఫోన్లోకి ఎక్కించాను. తెలుగంతా తెలుసని చెప్పుకునే యాప్‌లు పిన్ని మాట ముందు తెల్లమొహం వేశాయి. నా మెషిన్‌కు ఆ గుప్పెడు పేర్లు తప్ప ఇంకేం తెలియదు. తెనాలి తర్వాత చినరావూరే వస్తుందని ముందే తెలుసు కాబట్టి, సగం వినబడినా పోల్చుకునేది. పిన్ని జంపనిలో ఆగితే, వంటింట్లో బాబాయి ఫోను నా గొంతుతో "టీ కావాలంట బాబాయ్" అనేది. "పెడుతున్నానమ్మాయ్" అని ఆయన ఫోనుకే జవాబు చెప్పేవాడు.

ఒక్క విషయంలోనే నాకూ ఆయనకూ పడేది కాదు. పిన్నిని కాస్త బయట తిప్పమంటే వినడు.

"పడిపోద్ది."

"నువ్వు చెయ్యి పట్టుకో."

"జనం ఊరుకుంటారా? పలకరిస్తారు. ఇది పలకలేక ఏడుస్తది. నేను చూడలేనమ్మాయ్."

గుడికి కూడా తనొక్కడే వెళ్లి, ప్రార్థన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, మంచం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పిన్ని చూడ్డానికి ఆయనా, గోడా ఉండేవి.

మొన్న సెలవుకు వెళ్లినప్పుడు, పిన్ని పొద్దున్నే ఫోను ముందు కూర్చుని "రేపల్లె" అంది. మెషిన్ కదల్లేదు.

"తెనాలి అను పిన్నీ. తెనాలి నుంచి రావాలి" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "రేపల్లె. పల్లికోన. భట్టిప్రోలు..."

ఆ వైపుకు నేను ఒక్క బాణమూ గీయలేదు. బాపట్ల నుంచి వచ్చేదాన్ని కనక, ఆ లైను తెనాలిలోనే మొదలవుతుందని నా లెక్క. రేపల్లె మనిషికి పొద్దున రైలు రేపల్లెలో మొదలవుతుంది. పిన్ని పెనుమర్రులో ఆగలేదు, వేమూరులో ఆగలేదు, జంపని కూడా దాటేసింది. "తెనాలి" అని, తన గుండె మీద చెయ్యి వేసుకుని, వీధి తలుపు చూపించింది. మళ్లీ రేపల్లె నుంచి ఎత్తుకుంది.

ఇంట్లో అవసరాలన్నింటికీ స్టేషన్లిచ్చాం. ఇల్లు దాటి వెళ్లడానికి ఇవ్వలేదు.

బాబాయి గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఏమే, రైలెక్కుతావా?"

పిన్ని తలూపింది.

"అందరూ పలకరిస్తారే."

ఇంకా గట్టిగా ఊపింది.

"ఏడవకూడదు మరి."

దానికి మాత్రం ఊపకుండా ఆయన మొహంలోకి చూసింది. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నది ఆయనే.

ఇలాంటప్పుడు చదువుకున్నవాళ్లం ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇటునుంచి అటు కూడా బాణాలు గీసేస్తాను బాబాయ్. సాయంత్రానికల్లా మెషిన్ వింటుంది" అన్నాను.

బాబాయి వెనక్కి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చాడు.

"నీ బాణాలు తర్వాత గీసుకో అమ్మాయ్. ముందు దీని చెప్పులెక్కడ పడేశామో చూడు."