హసీనాను చూడటానికి కడప దాకా

ఈ ఏడాదితో ఇంజనీరింగ్ కాలేజీలో నా ఉద్యోగం ముగుస్తుంది. వీడ్కోలు సభలో మాట్లాడమన్నారు. చర్మం మీద పరిశోధన చేసే ఈ దారిలోకి ఎలా వచ్చానో చెప్పాలంటే హసీనా గురించి చెప్పకుండా కుదరదు. కర్నూలులో మా పక్కింటి అమ్మాయి, పెళ్లయ్యాక కడపలో స్థిరపడింది. చూసుకుని చాలా ఏళ్లయింది. అడక్కుండా ఆమె సంగతి నలుగురిలో చెప్పడం ఇష్టంలేక ఒక శనివారం ఆమె దగ్గరికి వెళ్లాను.

ముందురోజు సాయంత్రమే కర్నూలు చేరి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని నంద్యాల బస్సెక్కితే అరగంటలో ఓర్వకల్లు. అక్కడి రాక్ గార్డెన్, అదే రాళ్లతోట దాకా తీసుకెళ్లిన ఆటో ఆయన, "బిరీన సూసుకుని రామ్మా, పొద్దెక్కితే రాళ్లు కాలతాయి" అన్నాడు. చిన్నప్పుడు స్కూలు వాళ్లు మమ్మల్ని తెచ్చినప్పుడు ఇక్కడ తోటా లేదు, టికెట్టూ లేదు. హసీనా అందరికంటే పైకెక్కి, రెండు చేతులూ ఊపి మమ్మల్ని పిలిచింది. ఆ వేసవిలోనే కిరసనాయిలు స్టవ్వు పేలి ఆమె కుడిచెయ్యి, చంక కాలిపోయాయి.

ఆసుపత్రిలో తొడ మీది చర్మం తీసి చేతికి అతికించారు. దాంతో రెండు చోట్లా మంటే. "చర్మం అంగట్లో అమ్మరా, శారదా?" అని నన్నడిగింది. గాయం మానింది కానీ, చంక దగ్గర చర్మం బిగుసుకుపోయి చెయ్యి భుజం పైకి లేవలేదు.

నంద్యాలలో బస్సు మారాను. ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు మూడు గంటలకు పైనే పడుతుంది. కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ పాత రోజుల్లోకి వెళ్లిపోయాను. నేను చదివింది మెకానికల్. ఇనుము ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టే పని నుంచి, చర్మం ఎంత సాగితే చినగదో చూసే పనికి మారినప్పుడు తోటివాళ్లు నవ్వారు. బీరతీగకు పందిరి వేసినట్టు, రోగి చర్మకణాలు అల్లుకోవడానికి మా ల్యాబులో మెత్తటి పొర తయారుచేస్తాం. కణాలు అల్లుకున్నాక పొర కరిగిపోతుంది. మొదట్లో చేసినవన్నీ ఎండి రాలిపోయేవి. పారేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

మధ్యాహ్నానికి హసీనా ఇల్లు చేరాను. "ఏంమే, ఇప్పుడు గుర్తొచ్చినానా?" అంటూ ఎడమచేత్తో దగ్గరికి తీసుకుంది. భోజనాలయ్యాక, సభలో తన సంగతి చెప్పుకోవచ్చా అని అడిగాను. చెప్పుకోమంది, తన పేరుతోనే చెప్పమంది. తర్వాత, "నా చెయ్యికి పనికొస్తాదా మీరు చేసే ఆ పొర?" అని అడిగింది. నేను భయపడిన ప్రశ్న అదే. బిగుసుకున్నదాన్ని కోసి విడదీసి మా పొర వెయ్యొచ్చని, అయితే ఆమె షుగరుకు, ఈ వయసుకు డాక్టర్లు ఒప్పుకోవడం కష్టమని ఉన్నదున్నట్టు చెప్పాను. తలూపింది.

మా పొరతో చెయ్యి నయమైన ఒక పాప వీడియో, వాళ్ల అమ్మ అనుమతితో నా ఫోనులో ఉంది. పాప అద్దం ముందు నిలబడి, చేతులు వెనక్కి పెట్టి జడ అల్లుకుంటోంది. హసీనా దాన్ని మళ్లీ మళ్లీ చూసింది.

"తనే ఏసుకుంటాండాది," అంది మెల్లగా. "నాకు పదో తరగతి దాకా నువ్వే ఏస్తాంటివి."

ఫోను పక్కనపెట్టి, దువ్వెన తెచ్చి నా ముందు చాప మీద కూర్చుంది. జుట్టు నెరిసి పలచబడింది. మూడు పాయలు తీసి అల్లితే జడ చిటికెనవేలంత వచ్చింది.

నేను ఇన్నేళ్లూ ఎవరి కోసమని పనిచేశానో ఆమెకే ఆ పని అందలేదు. ఆ బాధ తిరుగు బస్సులోనూ ఉంది. కానీ ఆ పాప వేళ్లను హసీనా చూసిన చూపులో అసూయ లేదు, ఆరాటమే. నా పని నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనిపించలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: ఓర్వకల్లు రాళ్లు చూడాలనుకుంటే కర్నూలు నుంచి నేరుగా కడప బస్సెక్కకండి. అక్కడ ఆపుతారన్న నమ్మకం లేదు. నంద్యాల ఆర్డినరీ బస్సు పట్టుకోండి.